సున్నా కొస

టేపుకు రెండు కొసలుంటయి.
అంకె చదివే కొస మేడమ్‌ది.
సున్నా కొస నాది.
ఇరవై రెండేండ్ల సంది సర్కిల్ ఆఫీసుల
నా నౌకరి పేరు చైన్‌మన్.
చైను ఎప్పుడో పాతసామానుల వడ్డది,
మనిషి మిగిలిండు.

ఇయ్యాల వారాసిగూడ.
మూడంతస్తుల మిద్దె మీద సెల్ టవరు.
చుట్టూ రేకులు గొట్టి, నీలం రంగేసి
నీళ్ల ట్యాంకు లెక్క కనవడేటట్టు చేసిన్రు.
కాయితంల గూడ 'ట్యాంకులు: రెండు' అనే ఉన్నది.
ఒకదాంట్ల నీళ్లున్నయి.
ఇంకోదానికి చెవి ఆనిస్తే
సీసాల వడ్డ తుమ్మెద.

ఎదురింటి ఫ్రాన్సిస్ సారుది అర్జీ.
రైలింజను నడిపి రిటైరైన మనిషి.
"ముప్పై ఐదేండ్లు మోతలనే బతికిన మేడమ్,
ఆ మోత యాడికో పోతది,
కాజీపేట పోతది, వాడి పోతది.
ఇది ఎటూ పోదు."
ఆయన భార్య థెరిసమ్మ
తలకాయనొప్పి గోలీల ఖాళీ అట్టలన్ని
రబ్బరుబ్యాండేసి పెట్టింది,
సాక్ష్యమని.
మేడమ్ వాటిని లెక్కవెట్టలే,
కింద గూడ పెట్టలే,
శానసేపు చేతులనే పట్టుకున్నది.

మిద్దె ఓనరు సక్కుబాయి కొంగు దోపుకొని వచ్చింది.
"కిరాయికొచ్చినోళ్లు గోడలకు మొలలు గొట్టిన్రు,
నల్లా ఇప్పి మరిచిన్రు,
మూణ్నెల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి పోయిన్రు.
ఇది తారీఖు తప్పలే, నోరెత్తలే.
బస్తీల అందరి చేతులల్ల ఫోన్లే గద,
నా మిద్దె ఒక్కటే పాపం చేసిందా?"
దానికెవరు జవాబియ్యలే.
ఇచ్చేటందుకు నా దగ్గర గూడ లేదు.

కొలవాలె.
మేడమ్ ఎదురు మిద్దె ఎక్కి కిటికీకాడ నిలవడ్డది.
నడుమ గల్లీ మీదికెల్లి టేపు ఇసిరిన.
కింద స్కూటర్లు, ఉల్లిగడ్డల బండి,
మీద గాలికి పటపట కొట్టుకునే పచ్చటి పట్టీ.
"సున్నా పెట్టు" అన్నది మేడమ్.

యాడ?

"కంబం మొదట్ల" అన్నడు కంపెనీ పిలగాడు,
నెత్తిన టోపీ సరిజేసుకుంట.
"బయటికి పొడుచుకొచ్చిన పలకకాడ!"
ఫ్రాన్సిస్ సారు అటుదిక్కుకెల్లి ఒర్లిండు.
"ఎనక పిట్టగోడ కాంచి కొలువుండ్రి, అదిగూడ నాదే"
అన్నది సక్కుబాయి.
మేడమ్ ఫోన్ల సర్కులరు కిందికి మీదికి జరిపింది.
ఎంత దూరమో ఉన్నది.
యాడికెల్లో లేదు.

ఇరవై రెండేండ్లల
నన్నెవ్వరు సున్నా గురించి అడగలే.
ఎన్ని వరండాలు పోయినయో,
ఎన్ని మెట్లు రోడ్డు మీదికొచ్చినయని ఇరగ్గొట్టిన్రో,
అన్నిట్ల నా బొటనవేలున్నది,
పేరు లేదు.
ఇయ్యాల మూడు గొంతులు
నా వేలు గురించి కొట్లాడుతున్నయి.

అంతల నా జేబు వణికింది.
చిన్నబిడ్డ, అడ్డగుట్ట కెల్లి.
"నాయినా, ఇనవడుతుందా?
ఇంట్ల సిగ్నల్ లేదు, గోడెక్కి మాట్లాడుతున్న."
దిగు బిడ్డా, పడతవ్, అన్న.
ఇంకేమో అన్నది.
ఇక్కడ ఆమె గొంతు
చెవుల కూసున్నంత సాఫుగ ఉన్నది.
థెరిసమ్మ కిటికీ రెక్క దగ్గరికేసింది.

"యాడనో ఓ కాడ పెట్టు, ఎండ గొడుతుంది!"
పెట్టిన.
యాడ పెట్టిన్నో అడగకుండ్రి.
మేడమ్ అటునుంచి అంకె చదివింది,
ముగ్గురు మూడు మొఖాలు పెట్టిన్రు.
నేను వేలు తీసి చూసుకున్న.
టేపు మీద సున్నా లేదు.
అరిగిపోయింది.
ఒకటి గూడ.
రెండు సగం.

రిపోర్టు అక్కడికక్కడనే ఎక్కింది,
ఆ నీలం రేకుల నీడల నిలవడి,
నిండ సిగ్నలు మీద.

కొత్త టేపుకు అర్జీ పెట్టాలె.
పాతది జమజేస్తెనే ఇస్తరట స్టోర్ల.
జమ చెయ్యబుద్ధి అయితలేదు.